లోమాక్స్ తెల్లచుక్క

ముప్పై ఏళ్లు నేను మా ఇంట్లో తలుపు గట్టిగా వేయలేదు. మొగుడి మీద ఎంత కోపం వచ్చినా గిన్నె విసరలేదు. విసరబుద్ధి కాక కాదు, అలాంటి కోపాలు నాకు రోజుకు నాలుగుసార్లు వచ్చేవి. వెనక కొట్టంలో మా ఆయన వరసగా నిలబెట్టిన ఫిరంగి గుండ్లు ఉలిక్కిపడతాయేమోనని భయం. నూరేళ్ల కిందటి గుండ్లవి. పీటర్స్‌బర్గ్ చుట్టూ మా దేశపు అంతర్యుద్ధంలో ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ తొమ్మిది నెలలు కందకాల్లో కూర్చుని ఒకరి మీద ఒకరు కురిపించుకున్నవి. పేలినవి పేలాయి. పేలనివి మా వేరుశెనగ చేలల్లో దిగబడి, మా ఆయన ఎప్పుడొస్తాడా అని కూర్చున్నాయి.

మా ఆయన పేరు లోమాక్స్ ట్రేలర్. వేరుశెనగ మిల్లులో మెకానిక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ వెళ్లి, మందుపాతరలు వెతికి తీసే దళంలో పనిచేసి, పది వేళ్లూ క్షేమంగా ఇంటికి తెచ్చుకున్నాడు. అంతటితో దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకోవచ్చు కదా? సైన్యం వాళ్లు పాతబడిందని అమ్మేసిన మందుపాతరలు పసిగట్టే యంత్రం ఒకటి కొనుక్కొచ్చి, చెవులకు డిప్పలు తగిలించుకుని, పెళ్లయిన మూడో వారం నుంచే చేల గట్లంట తిరగడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు ఎక్కడమ్మా అని అడిగిన వాళ్లకు, "నేలకు చెవొగ్గి వింటున్నాడు, ఏమంటుందో నాకింకా చెప్పలేదు" అనేదాన్ని.

కానీ అతని చేతిలో విద్య ఉంది, అది ఒప్పుకోవాలి. మూడు జిల్లాల్లో ఎవరి నాగలికి ఏ ఇనుము తగిలినా మా వాకిట్లోకే వచ్చేది. లోమాక్స్ దాన్ని ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో మట్టి తుడిచి, ముందుగా తిరగేసేవాడు. "ముఖం చూసి పోల్చుకునేది మనుషుల్ని. గుండునైతే పిర్ర చూసి పోల్చుకోవాలి" అనేవాడు. అడుగున ఇత్తడి కడియం ఉంటే ప్యారట్ గుండు. నడుముకు సీసం పట్టీ ఉండి, దాని కింద వేరే ఇనుప గిన్నె తొడిగినట్టుంటే హాచ్‌కిస్ గుండు. ముక్కు మీద చదరపు బొడిపె ఉంటే దక్షిణాది వాళ్ల పోత, లేతు మిషను మీద తిప్పేటప్పుడు పట్టు దొరకడానికి వదిలిన ముక్క అది. ఇక ఇత్తడి మీదో సీసం మీదో పడ్డ గాడులు ఉంటాయి. ఫిరంగి గొట్టం లోపలి మెలికలు గుండుకు అచ్చు పడతాయి. వాటిని గోటితో లెక్కపెట్టి, "ఇది ఫలానా ఫిరంగి నోట్లోంచి వచ్చింది, తూర్పు నుంచి వచ్చింది, వెయ్యి గజాల దూరం నుంచి" అని చెప్పేవాడు. గాడులే లేకపోతే అసలు పేల్చని గుండన్నమాట. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు.

అప్పటికి ఈ గుండ్ల మీద పుస్తకాలేమీ లేవు. ఎవరికి వాళ్లు చేత్తో తడిమి నేర్చుకోవాల్సిందే, తప్పు చేస్తే చేత్తోనే కట్టాల్సిందే.

పోల్చుకోవడం ఒక పని, చంపడం ఇంకో పని. గుండు పేలకుండా చేయడాన్ని మా వాళ్లంతా చంపడమనే అంటారు. గుండును నీళ్ల తొట్లో ముంచి, దూరం నుంచి మోకుతో డ్రిల్లు దింపి, పక్కన బెజ్జం వేసి, లోపలి పేలుడు మందు కడిగేయడమే చంపడం. లోమాక్స్ ఇసుక మూటల వెనక నిలబడి మోకు లాగేవాడు. నేను వంటింట్లో బల్ల కింద కూర్చునేదాన్ని. సిగ్గేముంది, నిజంగానే కూర్చునేదాన్ని. చివరి నీళ్లు తేటగా వచ్చాక గుండు అడుగున వేలితో ఒక తెల్లరంగు చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఉంటే గుండు చచ్చినట్టు. తలుపుకు అడ్డం పెట్టుకోవచ్చు, చలిమంట గూటికి అటూ ఇటూ నిలబెట్టుకోవచ్చు, పిల్లలు ఎక్కి తొక్కొచ్చు. మా దిన్విడ్డీ జిల్లాలో కోర్టు ముద్రకు ఎదురు చెప్పిన వాళ్లున్నారు గానీ లోమాక్స్ చుక్కకు ఎదురు చెప్పిన వాళ్లు లేరు.

నా మాటకు మాత్రం చిల్లిగవ్వ విలువ లేదు. ఎందుకుంటుంది? కనబడిన ప్రతివాడికీ, "అవి పేలతాయి, చూస్తూ ఉండండి, ఒకరోజు మా కొంప లేచిపోతుంది" అని పద్నాలుగేళ్లు చెప్పాను. అదొక్కసారీ లేవలేదు. పిరికి ఎఫీ అని పేరు పెట్టారు. చర్చిలో ఎవరైనా తుమ్మితే మా అన్నయ్య కార్విన్ వెనక్కి తిరిగి, "భయపడకమ్మా, అది ఫిరంగి కాదు" అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు.

అరవై ఒకటో సంవత్సరం నవంబరు. ఆ శనివారం చర్చి ఆవరణలో స్ట్యూ పండగ. మా వైపు స్ట్యూ అంటే మూకుడులో చేసేది కాదు. మనిషి కూర్చునేంత ఇనుప బాన, అందులో నలభై కోళ్లు, బస్తా మొక్కజొన్న, చిక్కుడు గింజలు, టమాటాలు, పొద్దున ఏడింటికి నిప్పు పెడితే సాయంత్రం నాలుగింటికి వడ్డన. అంతసేపూ తెడ్డు ఆగకూడదు. ఆగితే అడుగంటుతుంది, అడుగంటితే మొత్తం పారబోయాల్సిందే. తెడ్డు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోవాలి గానీ బాన అంచు మీద ఆనకూడదు. మా నాన్న కాలంలో మా సొంత కొట్టం తగలబడుతోందని కేకలేస్తే, మా నాన్న తెడ్డు ఇంకొకరి చేతిలో పెట్టాకే పరిగెత్తాడు. ఆయన తర్వాత తెడ్డు మా అన్నయ్యది.

ఆ పొద్దున ఏడున్నరకు మా వదిన రూబెల్ ఫోన్ చేసింది. నేను చర్చికి తీసుకెళ్లడానికి మొక్కజొన్న రొట్టె పొయ్యిలో పెట్టి ఉన్నాను.

"ఎఫీ, ఇంకో రెండు పళ్లాలు ఎక్కువ చెయ్యవే. ఇవాళ జనం బాగా వచ్చేట్టున్నారు. అన్నట్టు, మీ అన్నయ్య తెలివితేటలు చెప్పలేదు కదూ? బాన కింద పెట్టే ఇటుకలన్నీ మంచుకు పొడైపోయాయట. దీపం పట్టుకుని చుట్టూ వెతికి, చర్చి మెట్ల పక్కన మీ ఆయన పెట్టిన గుండ్లు ఉన్నాయి చూడు, ఆ మూడూ దొర్లించుకొచ్చాడు. వాటి మీద బండిచక్రం పట్టా వేసి, పట్టా మీద బాన ఎక్కించారు. కొలిచి చేసినట్టు కుదిరిందట!"

"అయ్యో, గుండ్ల మీదా?"

"మొదలెట్టావా? ఒక్కోటీ తిరగేసి చుక్క చూసి మరీ పెట్టాడే తల్లీ. లోమాక్స్ చుక్క పెట్టాక అది గుండు కాదు, పొయ్యిరాయి అన్నాడు."

నేనూ నవ్వాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. పద్నాలుగేళ్లు ఉత్తపుణ్యానికి వణికినదాన్ని, వణకాల్సిన ఆ ఒక్క పొద్దున నవ్వి రొట్టె చూసుకున్నాను.

తొమ్మిదిన్నరకు ట్యాబ్ అనే రైతు వచ్చాడు. వాగు కోసేసిన గట్టులో దొరికిందని, రెండుగా పగిలిన గుండు ఒకటి గోనెలో తెచ్చాడు. వాళ్లిద్దరూ కొట్టంలోకి వెళ్లారు. కాసేపటికి కిటికీలోంచి ఒక శబ్దం వినబడింది. పేలుడు కాదు. నూనెలో నీటిచుక్క పడితే చిటపటమని బుస్సుమంటుందే, అది. ఆ తర్వాత ట్యాబ్ గొంతు, "ఓరి దేవుడా!"

లోమాక్స్ వంటింట్లోకి వచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి. కడుక్కోలేదు, కుర్చీ లాక్కోలేదు. గోడ మీద ఉన్న క్యాలెండరు వైపు చూస్తూ అడిగాడు.

"ఎఫీ, చర్చి మెట్ల దగ్గర నేను పెట్టిన మూడింట్లో, ఒకదానికి నడుముకు సీసం పట్టీ ఉందా?"

"నా సవతుల నడుములు నాకెలా తెలుస్తాయయ్యా?"

"వేళాకోళం కాదు. రెండు ఇత్తడి కడియాలవి, ఒకటి సీసం పట్టీది. అంతే కదా? ప్రతి ఆదివారం దాని పక్కనే నుంచుని కబుర్లు చెప్తావు కదా."

"ఆఁ, ఉంది. పొట్టిగా, లావుగా. దేనికి?"

అప్పుడు కూర్చున్నాడు. మాటలు ఒక్కొక్కటీ బయటికి తీసి పెట్టినట్టు చెప్పాడు. నలభై ఏడులో, ఈ పని కొత్తలో, ఆ గుండుకు పైభాగంలో బెజ్జం వేశాడు. నల్లగా గట్టిగా పెచ్చులు రాలాయి, వాటి వెంట సీసం గోళీలు రాలాయి. మందు చెమ్మకు చెడి గడ్డ కట్టిందనుకున్నాడు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి చుక్క పెట్టాడు. ఇవాళ ట్యాబ్ తెచ్చినదీ అదే జాతి, రెండుగా పగిలి కడుపంతా బయటపడింది. పైన ఉన్నది మందు కాదు, గుగ్గిలం. గోళీలు కదలకుండా పోసిన చెట్టు బంక. దాని కింద అడ్డంగా ఇనుప బిళ్ల. ఆ బిళ్ల ఊడదీస్తే, అట్టడుగున వేరే గది. మందంతా ఆ గదిలో ఉంది.

"చిటికెడు గోకి నిప్పు తగిలించాను. నిన్న నింపినట్టుంది, ఎఫీ. చెమ్మ తగల్లేదు. ఆ రోజు నేను వేసిన బెజ్జం ఆ గది దాకా పోలేదు." అరచేతులు తొడలకు రుద్దుకున్నాడు. "ఫరవాలేదులే, మెట్ల పక్కన ఉన్నంతసేపూ ఏం కాదు. భోజనాల దగ్గర గొడవెందుకు, సాయంత్రం అందరూ వెళ్లాక తెచ్చేస్తాను."

నా చేతిలో పళ్లెం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అది మెట్ల పక్కన లేదు" అన్నాను.

చెప్పాను. మా వదిన చెప్పినదంతా చెప్పాను. ఇటలీలో నాలుగొందల మందుపాతరలు తీసిన మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోవడం నా కళ్లతో చూశాను. అప్పటిదాకా భయమంతా నాకొక్కదానికే పంచి ఇచ్చారనుకునేదాన్ని. ఆ ముఖం చూశాక నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. మాది ఎనిమిది ఇళ్లకు ఒకటే లైను. ఎత్తగానే పెగ్రమ్ వాళ్ల ముసలావిడ, తన కోడిపెట్ట గుడ్లు ఎందుకు మానేసిందో ఎవరికో చెబుతోంది.

"పిన్నిగారూ, లైను వదలండి! ప్రాణాల మీదకొచ్చింది, చర్చికి చెయ్యాలి!"

"ఎవరూ, ఎఫీనా? నీకు ఎప్పుడు ప్రాణాల మీదకి రాలేదమ్మా? పోయిన ఏడు కేకు మాడిపోయిందనీ ఇట్లాగే అన్నావు."

"గుండు పేలుతుందండీ!"

"అదీ పద్నాలుగేళ్ల నుంచి వింటున్నాం. ఉండు, ఈ ముక్క చెప్పి పెట్టేస్తాను."

లోమాక్స్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అమ్మా, నేను లోమాక్స్‌ని" అన్నాడు. అంతే, లైను ఖాళీ అయింది. చర్చి నంబరు తిప్పాడు. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఫోన్ లోపల గదిలో ఉంటుంది, జనమంతా బయట బాన చుట్టూ ఉంటారు. ట్యాబ్‌ను చేస్తూనే ఉండమని ఫోన్ దగ్గర నిలబెట్టి మేమిద్దరం ట్రక్కు ఎక్కాం.

చర్చికి ఎనిమిది మైళ్లు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవడం అంటే ఏమిటో ఆ ఎనిమిది మైళ్లలో తెలిసింది. వినడం తప్ప నాకు వేరే పని లేదు. ఇంజను చప్పుడు వెనకాల ఇంకేదైనా చప్పుడు వస్తుందేమోనని వింటున్నాను. అక్కడ మా అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, నేను ఆదివారం బడిలో చదువు చెప్పే పదకొండు మంది పిల్లలున్నారు. వేడిగా ఉంటుందని చలికాలం వాళ్లెప్పుడూ బాన చుట్టూనే ఆడతారు.

"ఎంతసేపు తట్టుకుంటుంది?" అని అడిగాను.

"ఇనుము మందం. నిదానం మంట. చెప్పలేను."

"చెప్పు లోమాక్స్, నీకు తెలుసు."

"ముందు సీసం కరుగుతుంది" అన్నాడు. "సీసం కరిగిందంటే, ఇక మిగిలింది ఎంతో ఉండదు."

రైలు పట్టాల దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. బొగ్గు రైలు. పడమటి కొండల నుంచి రేవుకు పోయే రైలు, ఒంటెల బారులా సాగుతుంది, తోక కనబడదు. నేను పెట్టెలు లెక్కపెట్టాను. ముప్పై దాకా వచ్చి ఏడుపు ముంచుకొచ్చి ఆపేశాను. లోమాక్స్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మెడ మీంచి చెమట కారుతోంది, బయట గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు.

"నువ్వు ఇక్కడ దిగిపో ఎఫీ" అన్నాడు.

"నోర్మూసుకో."

"నా మాట విను."

"పద్నాలుగేళ్లు విన్నాను. బల్ల కింద కూర్చుని విన్నాను. ఈ ఒక్క రోజు నువ్వు విను. అక్కడున్నది మా అన్నయ్య. పోనియ్."

చివరి పెట్టె దాటింది. గేటు పూర్తిగా లేవకుండానే ట్రక్కు దూకించాడు.

చర్చి మలుపు తిరిగేసరికి పొగ నిటారుగా లేస్తోంది, జనం నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకా ఉన్నారు. అంతా ఉన్నారు. నాకు ట్రక్కు తలుపు తీయడం రాలేదు, లోమాక్స్ ఇటు తిరిగి వచ్చి తీశాడు.

మా అన్నయ్య బాన పక్కన పీట మీద నిలబడి, నిలువెత్తు తెడ్డు తిప్పుతున్నాడు. "ఏం బావా! వడ్డన నాలుగింటికి. ఇప్పుడే గిన్నె పట్టుకొచ్చావా?" అని కేకేశాడు.

"అన్నయ్యా, ఇవతలికి రా! అందరూ వెనక్కి పొండి! గుండు పేలుతుంది!" అని అరిచాను.

"వచ్చిందమ్మా మా చెల్లి, ప్రళయాన్ని వెంటబెట్టుకుని!"

గొల్లున నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు. ఒక పిల్ల చెవులు మూసుకుని 'ఢాం' అంది. ఆ నవ్వు వింటే నా నోటితో ఇన్నేళ్లూ నేనే వాళ్ల చెవులు మూశాను కదా అనిపించింది.

లోమాక్స్ బాన వైపు చూస్తున్నాడు. బాన ఉత్తరం పక్కకు కొద్దిగా ఒరిగింది. అటు పక్క గుండు నడుము దగ్గర, బూడిద మీద, కొత్త సూదుల్లా మెరుస్తూ నాలుగైదు బొట్లు పడి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఇంకొక బొట్టు జారింది.

"కార్విన్" అన్నాడు లోమాక్స్. "పిల్లల్ని చర్చి వెనక్కి పంపించు. ఆ ఉత్తరప్పక్కది చావలేదు."

"దాని కింద నీ చుక్క ఉంది బావా. నేనే చూసి పెట్టాను."

"చుక్క తప్పు."

"ఏంటీ?"

"నేను తప్పు పెట్టాను. అది బతికే ఉంది. నా చుక్క అబద్ధం." అని జనం వైపు తిరిగి, ఇంకా పెద్దగా, "అందరూ వినండి! నా చుక్క అబద్ధం!" అన్నాడు. ఆఖరి మాట దగ్గర అతని గొంతు వణికింది.

లోమాక్స్ గొంతు వణకడం ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ వినలేదు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఒక్క క్షణం నిప్పు చిటపటలు, తెడ్డు చప్పుడు, అంతే. ఆ తర్వాత ఆడవాళ్లు ఎవరి పిల్ల అని చూడకుండా దొరికిన పిల్లనల్లా చంకనేసుకుని పరిగెత్తారు. నేను ఇద్దర్ని ఈడ్చుకుపోయి చర్చి ఇటుక గోడ వెనక కుదేశాను. మూల నుంచి తల బయటపెట్టి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

మా అన్నయ్య ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"దిగు కార్విన్."

"తెడ్డు ఆపమంటావా? నలభై కోళ్లు, బావా. మా నాన్న ఒక్కరోజు ఆపలేదు." బింకంగా అన్నాడు గానీ మొహం పాలిపోయింది. భయం వేసిన మనిషికి ఒక్కోసారి చేసే పనే పట్టుకొమ్మవుతుంది, వదిలితే పడిపోతాననుకుంటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు, మా అన్నయ్యకు ఆ రెండూ తనే అని నమ్మకం.

అప్పుడు లోమాక్స్ బాన దగ్గరికి నడిచాడు. సీసం కారుతున్న ఆ గుండుకు మూరెడు దూరంలో నిలబడి చెయ్యి చాచాడు.

"ఆపొద్దు. నాకివ్వు."

మా అన్నయ్య అతని చేతి వైపు చూశాడు. తెడ్డు ఇంకో చేతికి ఇవ్వొచ్చు, అందులో తప్పు లేదు. ఇచ్చేశాడు. పీట దిగి పది అడుగులు నడిచాడు. నడిచాక తనేం చేశాడో తెలిసినట్టుంది, ఆగి వెనక్కి తిరిగాడు.

లోమాక్స్ తిప్పడం లేదు. తెడ్డు బానలోంచి పైకి లాగి, దక్షిణప్పక్క పట్టా కింద దూర్చి, భుజం ఆనించి ఎత్తుతున్నాడు. బాన ఒరిగిన వైపుకే బోర్లేస్తే స్ట్యూ అంతా ఆ నిప్పు మీద, ఆ గుండు మీద పడుతుంది. కానీ బాన అతని ఒక్కడికీ లొంగే బరువు కాదు. మోకాళ్లు వంగుతున్నాయి, పట్టా వేలెడు లేచి మళ్లీ కూలబడుతోంది. కూలబడినప్పుడల్లా ఆ గుండు మీద దభీమంటోంది. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, రెప్పలు పడలేదు. "వదిలెయ్యి, వచ్చెయ్యి, వచ్చెయ్యి" అని గోడకు చెబుతున్నాను.

మా అన్నయ్య వెనక్కి పరిగెత్తాడు. బావ పక్కన భుజం ఆనించాడు. ఇద్దరూ "హుఁ" అన్నారు. బాన లేచింది, ఒక్క క్షణం అంచు మీద నిలబడి ఆలోచించింది, బోర్లా పడింది.

నలభై కోళ్లూ నిప్పు మీదకు పోయాయి. తెల్లటి ఆవిరి చర్చి కప్పు దాకా లేచింది. ఆ ఆవిరిలో ఇద్దరూ కనబడలేదు. నేను లెక్కపెడుతున్నాను, దేన్నో తెలియదు. ఆరు దగ్గర ఇద్దరూ ఆవిరిలోంచి పరిగెత్తుకొచ్చి నా కాళ్ల దగ్గర పడ్డారు. మా అన్నయ్య మీసాలకు మొక్కజొన్న గింజలు అంటుకుని ఉన్నాయి.

అరగంట అలాగే గోడ వెనక నేల మీద కూర్చున్నాం. పేలలేదు. ఆ తర్వాత లోమాక్స్ ఎవర్నీ రానివ్వకుండా ఒక్కడే వెళ్లి, బకెట్ల కొద్దీ నీళ్లు దూరం నుంచి విసిరి, చల్లారాక దాన్ని తడిగోనెల్లో చుట్టుకుని వాగుకు మోసుకెళ్లాడు. మా అన్నయ్య, అతను వాగు దిగేదాకా చూసి, "నలభై కోళ్ల ఉసురు పోసుకున్నావు బావా" అన్నాడు మెల్లగా. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వారం తర్వాత నీళ్లలో ఉంచే దాని అడుగు గదికి బెజ్జం వేశాడు. ఈసారి నేను బల్ల కింద కూర్చోలేదు, మోకు దగ్గర అతని పక్కన నిలబడ్డాను. టీ కప్పు నిండా మందు వచ్చింది.

ఆ రోజు నుంచీ లోమాక్స్ ఒక్క గుండుకు కూడా చుక్క పెట్టలేదు. పాత చిట్టా తీసి, కొత్తలో తను చంపానని చెప్పిన సీసం పట్టీ గుండ్లు ఎవరెవరికి ఇచ్చాడో రాసుకున్నాడు. ఇంటింటికీ వెళ్లాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేనిచ్చిన దాని మీద నా చుక్క అబద్ధం కావచ్చు" అని ప్రతి ఇంట్లోనూ చెప్పాడు. కొందరు జాలిపడ్డారు, కొందరు ముఖం మీదే తలుపు వేశారు. ఇరవై మూడిట్లో ఇరవై రెండు దొరికాయి. అందులో తొమ్మిది బతికే ఉన్నాయి. ఒకటి బాలింత మంచం పక్కన, చలిమంట గూటి దగ్గర దొరికింది.

ఇరవై మూడోది దొరకలేదు. నలభై ఎనిమిది వేసవిలో ఆకుపచ్చ కారులో ఒక కుటుంబం దారి అడగడానికి మా వాకిట్లో ఆగింది. వాళ్ల చంటిపిల్ల ఆ గుండును పట్టుకుని వదలకపోతే, లోమాక్స్ మురిసిపోయి, తిరగేసి చుక్క చూపించి, కారులో తనే పెట్టాడు. పేరు అడగలేదు. ఊరు అడగలేదు. మిగిలిన పదిహేనేళ్లూ మా ఆయన తిండి దగ్గర ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "కారు ఆకుపచ్చే కదా ఎఫీ?" అని అడిగేవాడు. పోయే ముందు వారం కూడా అడిగాడు.

ఇప్పుడు నేనొక్కదాన్నే. కొట్టం ఖాళీ. తలుపులు ఇప్పుడు ఎంత గట్టిగానైనా వేసుకోవచ్చు, వేయబుద్ధి కాదు. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు చలిమంట గూడు వైపు చూస్తాను. పిరికి ఎఫీకి ముసలితనంలో చాదస్తం ముదిరిందంటారు, అననివ్వండి.

మీ ఇంట్లో, తాతలనాటిదని ఎవరో ఇచ్చిన పొట్టి లావు ఇనుప గుండు, నడుముకు సీసం పట్టీ ఉన్నది, నిప్పు దగ్గర ఉంటే వెంటనే పిల్లల్ని బయటికి పంపండి. దాన్ని ముట్టుకోకండి, తెలిసిన వాళ్లను పిలవండి. దాని అడుగున తెల్లచుక్క ఉందని ఎవరైనా ధైర్యం చెబుతారు. ఆ చుక్క పెట్టింది మా ఆయనే. చాలా మంచివాడు. నమ్మకండి.